ఆవలింతకు పలికిన సంగీతం

ఆయన కట్టిన పాటల్ని ఊళ్ళో సగంమంది విన్నారు. ఇష్టంగా విన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అవి ఫోన్లో "దయచేసి వేచి ఉండండి" అన్నాక వచ్చే పాటలు మరి. కరెంటాఫీసుకో ఆస్పత్రికో ఫోన్ చేసి, అవతలి మనిషి ఎప్పుడు పలుకుతాడా అని పళ్ళు నూరుకుంటూ జనం వినే ఆ సాగుడు సంగీతం ఆయన చేతిదే. చుట్టాలెవరైనా వచ్చి ఏం చేస్తుంటావని అడిగితే సంగీతం అనేవాడు. ఏ సంగీతం అని అడిగితే కాఫీ తాగుతారా అని మాట మార్చేవాడు. పొట్టకూటికోసం కోటి విద్యలన్నారు, ఆ కోటిలో ఇదొకటి అనుకుని మనం కూడా ముందుకు పోదాం.

మధ్యాహ్నాలు ఆయన చేసే పని వేరు. ప్రాణమంతా అందులోనే ఉండేది. భుజాన ఎప్పుడూ ఓ కేబుల్ చుట్ట వేలాడుతుంటుంది గనక తెలిసినవాళ్ళంతా ఆయన్ని వైర్లాయన అనేవాళ్ళు. మనిషి నాట్యం చేస్తుంటే ఆ కదలికే అప్పటికప్పుడు సంగీతమయ్యే ఏర్పాటు ఆయనది. ముందే రికార్డు చేసిన పాట ఉండదు, పక్కన కూర్చుని వాయించేవాళ్ళూ ఉండరు. ఒక కెమెరా నర్తకిని చూస్తుంది. కంప్యూటర్ ఆ చూపుని అంకెలు చేస్తుంది. ఆ అంకెలు శబ్దాలవుతాయి. చెయ్యి లేస్తే స్వరం పైకి లేస్తుంది, ఒళ్ళు వాలితే స్వరమూ వాలుతుంది, వేగం పెరిగితే శబ్దం చిక్కబడుతుంది, కదలకుండా నిలబడితే అడుగున సన్నటి గుయ్యిమనే మోత ఒక్కటే మిగులుతుంది. వెనక గోడ మీద వెలుగు గీతలు కూడా ఆ అంకెలు ఎలా చెబితే అలా సాగుతాయి, ముడుచుకుంటాయి. ఏ కదలికకి ఏది పలకాలి, ఎంత పలకాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నదంతా ముందుగా అల్లి పెట్టడమే ఆయన చేసే రచన. ఇదంతా విన్న ఆయన బావ, "అంటే పాట కట్టేది నువ్వూ, పాడేది మీ అక్క కాళ్ళూ చేతులూనా?" అన్నాడు. బావ జీవితమంతా సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. అంతకంటే బాగా ఈ పనిని వైర్లాయన కూడా ఎవరికీ చెప్పలేకపోయాడు.

ఆ నాట్యం చేసేది ఆయన సొంత అక్కే. వయసులో చాలా పెద్దది. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో షిఫ్టులు చేసేది గనక తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగిందీ, బడికి తోలిందీ అక్కే. తర్వాత బళ్ళో పిల్లలకి నాట్యం నేర్పింది, తనూ వేదికలెక్కింది. ఒకరోజు బడి మెట్ల మీద పడి ఎడమ మోకాలు చితికింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, నడవగలిగితే అదే పదివేలు, ఆటపాటల మాట మర్చిపొమ్మన్నాడు. ఆ రోజునుంచీ అక్క కర్ర పట్టుకుని పడగ్గదిలోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి కిటికీ దగ్గరికీ మాత్రమే నడిచింది. కిటికీ దగ్గర కూర్చుందంటే ఎవరు పలకరించినా కసురుడే. చివరికి బావ వైర్లాయన దగ్గరికొచ్చి, ఏదో ఒకటి చేసి మీ అక్కని లేపు, లేకపోతే ఆ కిటికీకి నేను మేకులు కొడతానన్నాడు.

వైర్లాయన వెళ్ళి, గెంతులూ తిరుగుళ్ళూ వద్దక్కా, నువ్వు ఊరికే నడిచి చేతులు కదుపు, మిగతాది శబ్దం చూసుకుంటుందని చెప్పాడు. అక్క ముందు కసిరింది. చివరికి ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. హాల్లో, జనం ముందు, ఒక సాయంత్రం చేస్తుంది. అది కుదరకపోతే ఇక ఎవరూ తన దగ్గర ఆట మాట ఎత్తకూడదు. ఆవిడ మాటంటే మాటే. కాబట్టి ఆ సాయంత్రం మీద ఏం ఆధారపడి ఉందో బావకీ తెలుసు, తమ్ముడికీ తెలుసు.

ఖాళీ అయిపోయిన ఒక బడి తాలూకు ఆటల గది దొరికింది వాళ్ళకి. చెక్క నేల, దాని మీద బంతాటకి వేసిన తెల్ల గీతలు, ఎత్తున దుమ్ము కిటికీలు. కెమెరాని పైన దూలానికి కట్టాడు. మొదటి రోజుల్లో సంగీతం ఘోరంగా ఉండేది. అక్క జంకుతూ అడుగేస్తే కంచం మీద గరిటె గీసినట్టు ఒక కీచు. చెయ్యెత్తితే ఇంకో కీచు. ఆవిడ కుర్చీలో కూలబడి, ఇదీ నా మోకాల్లాగే ఉందిరా అనేది. అంతలో పాత కంప్యూటర్ మొరాయించి, కొత్తది వచ్చింది. తెర మీద నర్తకి బొమ్మ కూడా చూపించి పాతది నత్తనడక నడిచేదని, కొత్తదాంట్లో ఆయన మొదటినుంచే ఆ బొమ్మ మూసేసి అంకెలు మాత్రం ఉంచుకున్నాడు.

ఆ రోజునుంచీ పాట మారిపోయింది. అక్క అడుగు తీయబోతుండగానే శబ్దం మెల్లగా లేచి ఆవిడ కోసం ఎదురుచూసేది. చెయ్యి చాపితే ఆ చెయ్యి చివరిదాకా వెళ్ళి ఆగేది. తడబడబోతే కింద పరుపు పరిచినట్టు మెత్తగా పరుచుకునేది. ఆ మొదటిరోజు అక్క గది మధ్యలో నిలబడి, "ఇవాళ ఇది నా మాట వింటోందిరా" అని ఏడ్చేసింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. తర్వాత కర్ర ఇంట్లోనే వదిలేసి రావడం మొదలెట్టింది. ఇప్పుడా కర్రకి బూజు పట్టిందని బావ పెళ్ళి కబురు చెప్పినంత సంబరంగా చెప్పాడు. వైర్లాయన తన లెక్కలు కుదిరాయని ఛాతీ విరుచుకు తిరిగాడు. గొప్పలు పోయాడని కూడా అనొచ్చు, దాచడమెందుకు.

హాలు ప్రోగ్రాం ఇంకో వారం ఉందనగా ఒక మధ్యాహ్నం అక్కా బావా టీ తాగడానికి కిందకెళ్ళారు. గది ఖాళీ. స్పీకర్లు ఆపలేదు, గుయ్యిమనే మోత సాగుతోంది. భోజనం చేసి వచ్చాడేమో, వైర్లాయన కళ్ళు మూసుకుపోతుంటే రెండు చేతులూ పైకి చాచి, ఒళ్ళు విరుచుకుని తృప్తిగా ఆవలించాడు.

స్వరం కూడా ఆయనతోపాటు పైకి లేచింది. ఆవలింత ముగిసి చేతులు వాలుతుంటే అదీ వాలింది.

మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకాలుంటారంటారు, యంత్రాల్లో కూడా ఉంటారని ఆయన అప్పటిదాకా అనుకోలేదు. అక్క లేదు. నేల మీద ఎవరూ లేరు. భుజం ఎగరేశాడు. శబ్దం ఎగిరింది. తల అడ్డంగా ఊపాడు. గోడ మీద వెలుగు గీతలు అడ్డంగా ఊగాయి. మూసేసిన బొమ్మ తెరిచి చూస్తే అందులో నాట్యవేదిక లేదు, ఆయన సొంత మొహం, నోరు తెరుచుకుని తననే చూస్తోంది.

జరిగిందింతే. కొత్త కంప్యూటర్ నుదుటి మీద కందిగింజంత కెమెరా ఒకటి ఉంది. ప్రోగ్రాంకి దూలం మీది కన్ను ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు, దగ్గర్లో ఉన్న కన్నుతో పని కానిచ్చేసింది. ఇన్నాళ్ళూ అది చూసింది అక్కని కాదు, అక్కని చూస్తూ కుర్చీలో కూర్చున్న తమ్ముణ్ణి. ఆయన కుదురుగా కూర్చునే మనిషి కాదు. టీవీలో బంతాట చూస్తే బల్లని తన్నేస్తాడు. అక్క చెయ్యెత్తితే తెలియకుండానే ఈయన చెయ్యీ లేస్తుంది. అక్క అడుగేస్తుంటే ఈయన ముందుకు వంగుతాడు. పడుతుందేమో అనిపిస్తే కుర్చీలోంచి సగం లేస్తాడు. ఆ లేవడాలూ వంగడాలూ పాటయ్యాయి. అందుకే ఆ పాట అక్క కంటే ఒక్క క్షణం ముందు కంగారుపడి, ఆవిడ నిలదొక్కుకోగానే ఊపిరి పీల్చుకునేది.

ఆయన బుర్ర అక్కడే తిరగడం మొదలెట్టింది. అక్క పాటని బట్టి కదులుతోంది. పాట తనని బట్టి కదులుతోంది. తను అక్కని బట్టి కదులుతున్నాడు. ముగ్గురూ ఒకరి వెనకొకరు గుండ్రంగా తిరుగుతుంటే ముందు నడుస్తున్నదెవరు? నాట్యం చేసింది అక్కా, తనా? తన సంగీతం అన్నదాన్లో తను అల్లిన లెక్క ఎంత, తన భయం ఎంత? పోనీ, అక్క నిజంగా నడవలేదా అంటే నడిచింది, కళ్ళారా చూశాడు. మరి ఆ నడక ఎవరి పుణ్యం? ఎటునుంచి మొదలెట్టినా మళ్ళీ మొదటికే వచ్చేవాడు. అక్కా బావా టీ తాగి వచ్చేసరికి బొమ్మ మూసేసి, మొహాన నవ్వు పులుముకుని, ఇవాళ్టికి చాలన్నాడు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. విని ముందు పడీ పడీ నవ్వింది. తర్వాత, ఈ అద్దం బావుందా ఆ అద్దం బావుందా అని అడిగితే సగంమందికి తేడా తెలీదు, సిగ్గుపడి ఏదో ఒకటి చెప్తారు, మీ జనానికి మాత్రం ఏ కెమెరా అయితే ఏంటంది. జనం సంగతి కాదు, అక్క సంగతన్నాడు. అక్కకి చెబితే ఏమవుతుందని అడిగింది. మళ్ళీ కర్ర పట్టుకుంటుందన్నాడు. చెప్పకపోతే ఏమవుతుందని అడిగింది. చెబితే అక్క కాలు విరిచినట్టు, చెప్పకపోతే అక్కని బొమ్మలా ఆడించినట్టు. మింగలేడు, కక్కలేడు. ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, తిరిగేదేదో మేడ మీద తిరగండి, కింద నేల తుడిచానంది.

తిరిగి తిరిగి ఆయన కనిపెట్టిన ఉపాయం, పామూ చావకుండా కర్రా విరగకుండా, ఎవరికీ చెప్పకుండా సరైన కెమెరాకి మార్చేయడం. ఇన్నాళ్ళ అభ్యాసం ఉంది కదా, అక్క కుదురుకుని ఉంటుంది, ఎవరికీ తెలియకుండా తప్పు ఒప్పయిపోతుంది అనుకున్నాడు. తెలివైనవాళ్ళకే ఇలాంటి తెలివితక్కువ ఆలోచనలు వస్తుంటాయి.

మర్నాడు అక్క ఉత్సాహంగా మొదటి అడుగేసింది. కుడికాలికి శబ్దం బాగానే పలికింది. ఎడమకాలు ఎత్తేటప్పుడు ఒక్క పిసరు ఆగుతుంది, అందరికీ అలవాటై ఎవరూ గమనించని ఆ పిసరు, పాటలో నత్తిలా బయటపడింది. మళ్ళీ అడుగు, మళ్ళీ నత్తి. అక్క ఆగింది. ఇంకోసారి మొదలెట్టింది. శబ్దం ఆవిడ కోసం ఎదురుచూడలేదు, కింద పరుచుకోలేదు, ఆవిడ ఎలా ఉందో అలా చెప్పేసి ఊరుకుంది. అక్క తెల్ల గీతల మధ్య నిలబడి మోకాలు నొక్కుకుంది. వైర్లాయన తెర మీది అంకెల్లోకి తల దూర్చాడు. ఆవిడ తప్పు శబ్దానిదని అనలేదు. కాలు మళ్ళీ మొదటికొచ్చిందని, హాలు వాళ్ళకి రావడంలేదని చెప్పెయ్యమని, బావ భుజం పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. కర్ర ఇంట్లో ఉండిపోయింది మరి.

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా? మళ్ళీ తప్పు కెమెరా పెట్టేస్తే అక్క రేపే లేచి నడుస్తుంది, ఆ సంగతి తెలుసు. అదే భయపెట్టింది. తెల్లారాక అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. బావ పేపర్ చదువుతున్నాడు. కర్ర మూలనుంచి కుర్చీ పక్కకి వచ్చింది, బూజు కూడా తుడిచారు. అది చూడగానే ఆయన అనుకున్న మాటలన్నీ మర్చిపోయి, ఆవలింతతో మొదలుపెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తను అక్కని చూస్తుంటే కంప్యూటర్ కన్ను తనని చూసిందని, నిన్నటిది కాలి తప్పు కాదని, మొదటినుంచీ ఆ కాలు అంతేనని. చివరి మాట అనాలనుకోలేదు, నోరు జారింది.

బావ పేపరు దించలేదు, కానీ చదవడం మానేశాడు. అక్క ఒక కాయ ఒలిచి, ఇంకో కాయ ఒలిచి, అప్పుడు అడిగింది.

"అయితే నేను కర్ర వదిలేసింది నువ్వు తల ఊపుతుంటేనా?"

"ఏమో అక్కా. నాకే అర్థం కావట్లేదు. నువ్వు కదిలితేనే కదా నేను ఊగింది."

అక్కకి కోపం వచ్చింది. ఆ కోపం చిన్నప్పుడు ఆయన ఎరిగినదే, అరుపులుండవు, చేస్తున్న పని గట్టిగా చేస్తుంది. బఠాణీలు గిన్నెలో పడకుండా నేలంతా దొర్లాయి. ఆయన కిందికి వంగి ఏరుతున్నాడు. ఆయన తలమీదుగా అక్క మాట్లాడింది, ఆయనతోనో కిటికీతోనో.

"చిన్నప్పుడు నీకు ముద్ద పెడుతూ ముందు నేను నోరు తెరిచేదాన్ని. నేను తెరిస్తే నువ్వు తెరిచేవాడివి. అంతవరకే. నమలడం నువ్వే నేర్చుకున్నావు. నేను తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచుకుని నీ మొహంలోకి చూస్తూ కూర్చునేదాన్ని, పిచ్చిదానిలా." గిన్నె పక్కకి జరిపి, "ఆ రెండో కన్నుకి ఏదైనా అంటించు. హాలు వాళ్ళకి వస్తున్నామని చెప్పు," అంది.

నత్తిగా వస్తుందక్కా, అందరికీ వినిపిస్తుందన్నాడు. నా కాలు నా ఇష్టం వచ్చినట్టు మాట్లాడుతుంది, నువ్వు మాత్రం మధ్యలో అందుకోకంది.

మిగిలిన రోజుల్లో ఆయన పాటని మళ్ళీ అల్లాడు. నత్తిని కప్పేద్దామని ఒకసారి, పెంచుదామని ఒకసారి, అసలు ఎడమకాలికి శబ్దమే లేకుండా చేద్దామని ఒకసారి. ఏది న్యాయమో తేలలేదు. అక్కని అడిగితే, నువ్వు సంగీతం చేసేవాడివా నేనా అని ఎదురు ప్రశ్న వేసింది. చివరికి మొదట అల్లింది మొదట్లాగే వదిలేశాడు. నమ్మకం కలిగి కాదు, చెయ్యడానికి ఇంకేమీ తోచక.

ఆ సాయంత్రం హాలు మూడొంతులు నిండింది. కంప్యూటర్ నుదుటి మీద భార్య ఇచ్చిన ప్లాస్టర్ ముక్క అంటించి, వైర్లాయన జనం మధ్యలో తన బల్ల దగ్గర కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఒళ్ళో పెట్టుకుని, అయినా వాటి మీద నమ్మకం లేక తొడల కింద నొక్కి పెట్టుకున్నాడు. అక్క వచ్చింది, కర్ర లేకుండా. మొదటి అడుగు పలికింది. రెండోది తడబడి పలికింది. జనానికి ఏమీ బోధపడలేదు. స్పీకరు పాడైందనుకుని ఒకాయన వెనక్కి తిరిగి వైర్లాయన వంక చూశాడు. గోడమీద వెలుగు కూడా కుంటుతూ పాకుతోంది. ఇది పాటేనా, ఆట ఇదేనా అని ఆయనకే అనుమానం వచ్చింది.

వేదిక సగం దాటాక ఎడమకాలు మొరాయించింది. అక్క ఆగిపోయింది. అడుగున ఆ గుయ్యిమనే మోత తప్ప ఏమీ లేదు. అది సాగింది, ఇంకా సాగింది. ఎవరో దగ్గారు. వైర్లాయన చేతులు తొడల కిందనుంచి ఎప్పుడు బయటికొచ్చాయో, కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో ఆయనకి తెలీదు. రెండు చేతులూ ముందుకు చాచి, పడిపోతున్న బిడ్డని అందుకోబోయేవాడిలా నిలబడిపోయాడు. శబ్దం మారలేదు. ఆయన ఎంత వంగినా, ఎంత చాచినా స్పీకర్లకి పట్టలేదు. వెనకనుంచి ఎవరో, "కూర్చోండి సార్, కనబడట్లేదు," అన్నారు.

కూర్చున్నాడు. తను లేకపోయినా ఆ హాల్లో ఏమీ మారదని తెలిసి, చెప్పుకోలేనంత బాధ కలిగింది. అక్క కళ్ళు మూసుకుని ఉంది. చాలాసేపటికి ఆవిడ మడమ నేలమీద జరిగింది. కంకర మీద చక్రం కదిలినట్టు ఒక గరగర. మళ్ళీ జరిగింది. తర్వాత కాలు లేచింది. లేచిన కాలికి తగ్గట్టు స్వరం లేచి, వణికి, ఆవిడతోపాటే కింద ఆనింది. అలా ఒక్కో అడుగూ తనే పలికించుకుంటూ వేదిక అవతలి చివరిదాకా నడిచి, చెయ్యి గోడకి ఆనించి నిలబడింది. అయిపోయిందో లేదో తెలియక జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ముందు ఇద్దరు, తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు.

లోపలి గదిలో అక్క మోకాలికి చల్లటి నీళ్ళ సంచి పెట్టుకుని కూర్చుంది. మొహమంతా చెమట. తమ్ముడు తలుపు దగ్గరే నిలబడ్డాడు. బావుందనాలా? బావుందో లేదో నిజంగానే తెలీదు. ఆవిడే అడిగింది, పాట ఎలా వచ్చిందని.

"నేను వినలేదక్కా," అన్నాడు. "నీ కాలే చూస్తూ కూర్చున్నా."

"నేనూ వినలేదురా," అంది అక్క. "పడతానేమో అన్న భయంతోనే సరిపోయింది. వచ్చేసారి వింటాను."

ఆ మాట వైర్లాయనకి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. ఆయన ఇంకా మోకాలి గురించి ఏదో అడగబోతున్నాడు. బావకి మాత్రం వెంటనే అర్థమైంది. ఆయన జేబురుమాలుతో గట్టిగా ముక్కు చీదుకుని, బండి తీసుకొస్తానంటూ గబగబా బయటికి వెళ్ళిపోయాడు.